ఆమె సైకిల్ అడిగింది: మలావీ జైలు పరిచర్యలో ఒక కేస్ స్టడీ

జైలు పరిచర్య గురించి మాట్లాడమని మన సంఘాలు పిలిచినప్పుడల్లా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: “ఎంతమంది రక్షణ పొందారు, బ్రదర్?” అడిగేవాళ్ల మనసు మంచిదే. మేమూ మొదట్లో అదే లెక్క రాసుకున్నాం. మా రిజిస్టర్‌లో చేతులెత్తినవాళ్ల సంఖ్యకు ఒక గడి ఉండేది. ఆ గడిని ఎందుకు కొట్టేశామో చెప్పాలంటే ఒక్క మనిషి కేసు మొదటి నుంచీ చెప్పాలి. అరెస్టు నుంచి విడుదల దాకా, ఆ తర్వాత మూడేళ్ల దాకా.

నేను 2014 నుంచి 2022 వరకు ఆఫ్రికాలోని మలావీ దేశంలో, దాని దక్షిణ భాగంలో ఉన్నాను. అక్కడి ఒక స్థానిక సంఘం నడిపే జైలు పరిచర్య జట్టులో సమన్వయం నా బాధ్యత. అనుమతి పత్రాలు, బండి, మందులు, ఫైళ్లు, రిజిస్టర్ నేను చూసుకునేవాణ్ణి. బోధ మా కాపరిది. చిచేవా భాషలో కాపరిని ‘అబూసా’ అంటారు, నేనూ అలాగే రాస్తాను. ఖైదీ పేరు, ఊళ్ల పేర్లు, జైలు పేరు రాయడం లేదు. ఆయన జైల్లో వడ్రంగం చేసేవాడు కాబట్టి వడ్రంగి అనే పిలుస్తాను.

మాది నెల్లూరు. చిన్నప్పుడు సండే స్కూల్లో జాన్ రంగయ్య గారి పేరు విన్నాను. 1903లో తెలుగు బాప్టిస్టు సంఘాలు ఆయన్ను దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపాయి, అక్కడ చెరకు తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్ల దగ్గరకు. ఆయన తన భాష మాట్లాడేవాళ్ల మధ్యకు వెళ్లారు. నేను వెళ్లింది నాకు ఒక్క మాట రాని చోటికి. అందుకే ముందు నిలబడటం నా పని కాదని మొదటి నెలలోనే అర్థమైంది.

ఇంకో సంగతి కూడా ఆ నెలలోనే తెలిసింది. అబూసా నన్ను బ్లాంటైర్‌లో స్కాట్లాండ్ మిషనరీలు కట్టిన పాత చర్చికి తీసుకెళ్లారు. ఇటుక పని చూపించి ఊరుకుంటారనుకున్నాను. ఆయన నన్ను బయట చెట్టు కింద కూర్చోబెట్టి 1879 గురించి చెప్పారు. ఆ మిషన్ మొదలైంది 1876లో. మూడేళ్లకే మిషన్ వాళ్లు తామే తీర్పులు చెప్పడం, మనుషుల్ని కట్టేయించి కొరడాలతో కొట్టించడం మొదలుపెట్టారు. హత్య చేశాడన్న ఆరోపణ మీద ఒక మనిషిని చంపించారు కూడా. 1880లో ఒక యాత్రికుడు ఈ సంగతి అచ్చు వేసి బయటపెడితే, స్కాట్లాండ్ నుంచి విచారణ సంఘం వచ్చింది. అక్కడి ప్రధాన మిషనరీ పదవి పోయింది. “ఈ దేశంలో మిషన్ ఖైదీని చూడటానికి వెళ్లకముందే తీర్పరి పీట మీద కూర్చుంది. అది మర్చిపోయి జైలు గేటు దాటకు” అన్నారు అబూసా. ఈ మాటను నేను మళ్లీ తలుచుకోవాల్సి వచ్చింది, నాలుగేళ్ల తర్వాత.

అక్కడి జైలు ఎలా ఉంటుందంటే

మలావీ జైళ్లన్నీ కలిపి సుమారు 7,000 మందికి సరిపోతాయి. లోపల ఉన్నది దానికి రెండింతల మంది. సాయంత్రం నాలుగింటికల్లా లోపల పెట్టి తాళం వేస్తే తెల్లారి ఆరింటికి తీస్తారు. ఆ పద్నాలుగు గంటలూ మనిషికి మనిషి అంటుకుని ఒకే పక్కకు తిరిగి పడుకోవాలి. పక్క మారాలంటే ‘న్యాపల’ చెప్పాలి. న్యాపల అంటే గదికి పెద్దగా ఉండే ఖైదీ. ఆయన చెప్పినప్పుడు అందరూ ఒకేసారి తిరుగుతారు.

తిండి రోజుకు ఒక్కపూట. న్సీమా, అంటే గట్టిగా చేసిన తెల్ల మొక్కజొన్న సంకటి, దాంతో పాటు చిక్కుడు గింజలో నందోలోనో. నందోలో అంటే మన కందులే. మన దేశానికి కందులు పంపే దేశాల్లో మలావీ ఒకటి. పప్పు చేయకుండా, గింజలు గింజలుగా ఉడికించి, ఉప్పు సరిగా లేని నీళ్లతో పెట్టిన ఆ కందులు మొదటిసారి చూసినప్పుడు ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయాను.

2009లో ఒక ఖైదీ వేసిన కేసులో అక్కడి హైకోర్టు, ఇంత రద్దీ, ఇంత చాలని తిండి రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. రద్దీ తగ్గించమని గడువు కూడా పెట్టింది. అరెస్టయినవాణ్ణి 48 గంటల్లో కోర్టు ముందు పెట్టాలని రాజ్యాంగంలో ఉంది. హత్య కేసుల్లో కూడా విచారణ మొదలయ్యేలోపు 90 రోజులు, పొడిగిస్తే ఇంకో 30 రోజులు మాత్రమే నిర్బంధించవచ్చని 2010 చట్ట సవరణ చెబుతుంది. నేను లోపల కలిసినవాళ్లలో విచారణ కోసం ఏళ్లు ఎదురుచూస్తున్నవాళ్లు ఉన్నారు. డబ్బు లేదు, వకీలు లేడు, ఫైలు ఎక్కడుందో తెలియదు.

సబ్బు

మేం మొదట్లో ఆదివారం వెళ్లేవాళ్లం. పాటలు, వాక్యం, పిలుపు, ప్రార్థన. చివర్లో ఒక్కొక్కరికి ఒక సబ్బు ముక్క, చిన్న ఉప్పు పొట్లం. చేతులు చాలా లేచేవి. మా రిజిస్టర్ నిండేది. ఫొటోలు తీయనివ్వరు కాబట్టి ఆ అంకెలే మద్దతుదారులకు పంపేవాళ్లం.

వడ్రంగిని నేను విడిగా కలిసింది 2016 మొదట్లో. గాయక బృందంలో కింది స్వరం పాడేవాడు. సుమారు 35 ఏళ్లు, సన్నగా, ఎడమ చేతి బొటనవేలు మీద ఉలి దెబ్బ మచ్చ. అబూసా ఆయన్ను బాప్తిస్మం తరగతికి రమ్మని పిలిచారు. ఆయన మొహమాటంగా నవ్వి, “అబూసా, నాకు ఇప్పటికే రెండుసార్లు అయింది” అన్నాడు. ఒక్కో సంఘం వచ్చి ఒక్కోసారి ఇచ్చింది. మూడోది కావాలంటే అభ్యంతరం లేదన్నాడు. మరి చెయ్యి ఎందుకెత్తావని అడిగితే, “సబ్బు తెచ్చినవాళ్లు అడిగినప్పుడు ఎత్తకపోతే మర్యాద కాదు కదా” అన్నాడు.

ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే మర్యాద కోసం ఎత్తాడు. అది మాకు గట్టిగా తగిలింది. ఆ వారమే జట్టంతా కూర్చున్నాం. ఇద్దరు ముగ్గురికి కష్టమనిపించింది, సబ్బు లేకపోతే ఎవరొస్తారని. నిజమే, తగ్గారు. అయినా అబూసా నిర్ణయం మారలేదు. సబ్బు, ఉప్పు, దుప్పట్లు ఇక మీదట మామూలు రోజుల్లో జైలు సంక్షేమ అధికారి చేతికి ఇస్తాం, గది గదికీ అందరికీ పంచుతారు. ముస్లిం ఖైదీలకూ అంతే. దక్షిణాన, మలావీ సరస్సు వైపు జిల్లాల్లో యావో తెగ ముస్లింలు ఎక్కువ, వాళ్ల కుర్రాళ్లూ ఆ గదుల్లోనే ఉన్నారు. ఆదివారం మాత్రం ఉత్త చేతులతో వెళ్తాం. చేతులెత్తమని అడగం.

దీన్ని నేను జట్టు చేసిన అన్నిటికన్నా పెద్ద మార్పుగా చూస్తాను. ఆకలితో ఉన్న మనిషి దగ్గర నిజం చెప్పే అవకాశం మనమే తీసేస్తున్నామని అంతకుముందు మాకు తట్టలేదు. “చెరసాలలో ఉంటిని, నాయొద్దకు వచ్చితిరి” అని మత్తయి 25లో ఉంది. ఆ మాటలో వచ్చి లెక్కపెట్టుకోవడం లేదు.

సబ్బు ఆపాక వడ్రంగి రావడం మానలేదు. మూడో వారం అబూసా ఆయన్ను ప్రార్థన అంశం అడగలేదు, “నీకేం కావాలి?” అని అడిగారు. కాసేపు నేల చూశాడు. “నేను బతికే ఉన్నానని మా అమ్మకు చెప్పండి” అన్నాడు.

ఏం జరిగింది

2012 ఫిబ్రవరి. మలావీలో జనవరి నుంచి మార్చి దాకా ఆకలి కాలం, పాత మొక్కజొన్న అయిపోతుంది, కొత్తది ఇంకా చేతికి రాదు. చిన్న అప్పులు, చిన్న మాటలు అప్పుడే పెద్దవవుతాయి. కచాసు అనే నాటు సారా తాగే చోట, ఒక బాకీ గురించి వడ్రంగికీ ఒక 22 ఏళ్ల కుర్రాడికీ గొడవైంది. వడ్రంగి పార కర్రతో కొట్టాడు. కుర్రాడు రెండో రోజు ఆసుపత్రిలో చనిపోయాడు. కొట్టలేదని వడ్రంగి ఎప్పుడూ చెప్పలేదు, మాతో కానీ పోలీసులతో కానీ. చంపాలనుకోలేదని మాత్రం చెప్పేవాడు.

ఆ కుర్రాడు కబాజా నడిపేవాడు. కబాజా అంటే సైకిల్ టాక్సీ, వెనక దిండు కట్టిన చెక్క సీటు మీద మనిషిని ఎక్కించుకుని ఊరికీ రోడ్డుకీ తిప్పుతారు. ఆ ఇంట్లో రోజూ డబ్బు కనిపించేది ఆ సైకిల్ వల్లే. గొడవప్పుడు సైకిల్ అక్కడే ఉంది కాబట్టి పోలీసులు దాన్ని కూడా సాక్ష్యంగా తీసుకెళ్లారు.

ఇంకో సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. దక్షిణ మలావీలో ఎక్కువ చోట్ల వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది. పెళ్లయ్యాక మగవాడు భార్య ఊరికి వెళ్లి ఉంటాడు, మన ఇల్లరికం లాగా, కాకపోతే అక్కడ అదే మామూలు. పిల్లలు తల్లి వంశానికి చెందుతారు, పెద్దరికం మేనమామది. వడ్రంగి ఉన్నది భార్య ఊళ్లో. చనిపోయిన కుర్రాడిదీ ఆ ఊరే. అంటే అరెస్టైన రోజే ఆయనకు ఇల్లు, పొలం, పిల్లలు అన్నీ పోయాయి. భార్య కొన్నాళ్లు చూసి మళ్లీ పెళ్లి చేసుకుంది. ఆమెను తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు.

తల్లి ఊరు అక్కడికి సైకిల్ మీద గంటన్నర. మేం వెళ్లేసరికి ఆమె మొక్కజొన్న ఒలుస్తోంది. అబూసా కొడుకు పేరు చెప్పగానే లేచి ఇంట్లోకి వెళ్లిపోయింది. ఊళ్లో అందరూ ఆయన్ను ఉరి తీసేశారనే అనుకుంటున్నారు. మలావీలో 1992 తర్వాత ఎవరినీ ఉరి తీయలేదన్న సంగతి ఆ ఊరికి ఎవరు చెబుతారు? నాలుగేళ్ల కిందటే కొడుక్కి కర్మ ఏడుపు ఏడ్చేసింది. మేం తెచ్చిన చీటీ మీద ఆయన రాసిన నాలుగు వాక్యాలు మేనమామ చదివి వినిపించాడు. ఆమె మళ్లీ చదవమంది. మూడోసారి చదివాక మాకు పెట్టడానికి న్సీమా వండటం మొదలుపెట్టింది.

ఫైలు

దీని గురించి తక్కువే రాస్తాను, ఎందుకంటే ఇందులో కష్టమంతా పారాలీగల్స్‌ది. మలావీలో 2000 నుంచి పారాలీగల్ అడ్వైజరీ సర్వీస్ అని ఒకటి ఉంది. వకీళ్లు కాని శిక్షణ పొందిన యువతీ యువకులు జైలు లోపలికి వచ్చి, నాటకం వేసినట్టు వేసి, బెయిలు అంటే ఏమిటో, నేరం ఒప్పుకోవడం అంటే ఏమిటో ఖైదీలకు నేర్పిస్తారు. ఒకరు జడ్జి, ఒకరు పోలీసు, ఒకరు నిందితుడు. నేను చూసిన బోధల్లో దానికి మించి మనుషుల్ని కదిలించింది తక్కువ.

వడ్రంగి రిమాండ్ వారంటు మీద ఉన్న నంబరు పట్టుకుని ఒక అమ్మాయి ఐదు నెలలు తిరిగింది. ఫైలు ఒక ఆఫీసులో వేరే కేసు కట్టలో దొరికింది. 2018 జూన్‌లో ప్రభుత్వ న్యాయ సహాయం ద్వారా వచ్చిన వకీలు వాదించగా, హత్య నేరం కాకుండా, ఉద్దేశం లేకుండా ప్రాణం తీసిన నేరం ఒప్పుకోవడానికి హైకోర్టు అంగీకరించింది. అరెస్టైన రోజు నుంచి లెక్కేసి పదేళ్లు. మంచి నడవడికకు మూడో వంతు తగ్గింపు ఉంటుంది కాబట్టి అక్టోబరులో విడుదల.

మేం ప్రార్థించాం, కానీ ఆమె తిరిగింది. రెండూ రిజిస్టర్‌లో రాశాను.

మా తప్పు

2018 జూలై. బ్లాంటైర్ వైపు ఆ నెలల్లో చలి, చిపెరోని అనే మంచు తుంపర రోజుల తరబడి పడుతుంది. జైలుకు దుప్పట్ల కోసం పట్టణంలో ఒక కూడిక పెట్టాం. వడ్రంగి సాక్ష్యం ఫోన్‌లో రికార్డు చేసి వినిపిద్దామన్న ఆలోచన నాదే. అధికారి అనుమతి తీసుకున్నాను. వడ్రంగి సంతకం తీసుకున్నాను. అన్నీ సరిగా చేశాననుకున్నాను.

సాక్ష్యం బాగుంది. ఆయన ఏడుస్తూ మాట్లాడాడు. జనం కళ్లు తుడుచుకున్నారు, చివర్లో చప్పట్లు కొట్టారు. దుప్పట్లకు డబ్బు వచ్చింది. వెనక వరసలో ఒక స్త్రీ లేచి, చిటెంజే బట్ట భుజం మీద సర్దుకుని బయటకు వెళ్లడం చూశాను. ఎవరో పని ఉండి వెళ్తున్నారనుకున్నాను.

ఆమె చనిపోయిన కుర్రాడికి పిన్ని.

నాలుగు రోజులకు ఆ ఊరి పెద్ద దగ్గర నుంచి ఒక సంఘ పెద్ద ద్వారా మాట వచ్చింది. మా ఊరి బిడ్డ శవం మీద మీరు చప్పట్లు కొట్టారని విన్నాం, ఇది ఏ దేవుడి పని అని. నాకు నోట మాట రాలేదు. రెండేళ్లలో మేం వడ్రంగి తల్లి దగ్గరకు ఎన్నోసార్లు వెళ్లాం. ఆయన పిల్లలకు నోటుపుస్తకాలు పంపాం. కొడుకు పోయిన ఆ తల్లి ఉండేది అదే ఊరు, ఆ పిల్లల ఇంటికి పది ఇళ్ల దూరం. ఆమె గడప మాలో ఒక్కరూ తొక్కలేదు. ఆమె మా లెక్కలో ఎక్కడా లేదు. రిజిస్టర్‌లో ఆమెకు గడే లేదు.

ఆ రాత్రి అబూసా నన్ను ఒక్క మాట అనలేదు. బ్లాంటైర్ చర్చి ముందు చెట్టు కింద చెప్పిన మాట నాకే గుర్తొచ్చింది. తీర్పరి పీట మీద కూర్చోవడానికి కొరడా అక్కర్లేదు. ఆమె బదులు మనమే క్షమించేసి చప్పట్లు కొట్టడం కూడా అదే. రికార్డింగ్ చెరిపేశాం. వచ్చిన డబ్బుతో దుప్పట్లు కొన్నాం కానీ మద్దతుదారులకు ఈ సంగతి కూడా రాశాం. కొందరు ఆ తర్వాత పంపడం మానేశారు.

ఆమె గడప

నేరుగా వెళ్లే పరిస్థితి లేదు. అప్పటికి మేం బాలాకలో పారాలీగల్స్ నడిపే హాఫ్‌వే హౌస్‌కు, అంటే విడుదలైనవాళ్లు ఊరికి వెళ్లేముందు కొన్నాళ్లు ఉండే ఇంటికి, వెళ్లి వాళ్ల పద్ధతి తెలుసుకున్నాం. హత్యకు తప్పనిసరిగా మరణశిక్షే వేయాలన్న నిబంధనను మలావీ హైకోర్టు 2007లో కొట్టేసింది. 2015 నుంచి ఆ పాత కేసులను మళ్లీ విని శిక్షలు సవరిస్తే, వంద మందికి పైగా బయటకు వచ్చారు. ఉరిశిక్ష పడినవాళ్లను ఊళ్లు ఎలా రానిచ్చాయి? విడుదలకు చాలా ముందే పారాలీగల్స్ ఊరికి వెళ్లి, పెద్దతో కూర్చుని, రెండు వైపుల మాటా విన్నారు. ఖైదీ కన్నా ముందు మనిషి వెళ్లాలి. మేం ఆ వరస తిప్పేశాం.

ఆగస్టులో అబూసా, సంఘంలో పెద్దావిడలు ఇద్దరు, నేను ఆ ఊరి పెద్ద ‘బ్వాలో’కు వెళ్లాం. బ్వాలో అంటే ఊరి పెద్ద తీర్పు చెప్పే మైదానం, మన రచ్చబండ. మొదట మేం చేసిన తప్పు ఒప్పుకున్నాం. చప్పట్ల సంగతికి ఒక మేక జరిమానా వేశాడు. కట్టాం. అప్పుడు ఆమె ఇంటికి మనిషిని పంపాడు.

చాప మీద కూర్చున్నాం. పెద్దావిడలు ముందు, మేం వెనక. ఆమె గుమ్మంలో కూర్చుంది, మా వైపు పక్కకు తిరిగి. అబూసా “అమాయి, పెపాని” అన్నారు. అమ్మా, మన్నించండి అని. ఇంకా ఏదో చెప్పబోతుంటే ఆమె అడ్డుపడి అడిగింది:

“మా అబ్బాయి సైకిల్ ఎక్కడుంది?”

మేం మారుమనస్సు గురించి మాట్లాడటానికి సిద్ధపడి వెళ్లాం. సైకిల్‌కు మా దగ్గర జవాబు లేదు. ఆమె చాలాసేపు సైకిల్ గురించే చెప్పింది. ఎన్ని సీజన్ల పొగాకు తోట కూలీతో కొన్నాడో, ఏ రంగో, హ్యాండిల్‌కు ఏ తాడు చుట్టాడో. స్టేషన్‌కు మూడుసార్లు నడిచి వెళ్లిందట. కేసు అయ్యాక రమ్మన్నారు. కేసు అయిందో లేదో ఆమెకు ఎవరూ చెప్పలేదు. తీర్పు వచ్చిందన్న సంగతి ఆమెకు తెలిసింది మా కూడికలో చప్పట్ల వల్ల. లేచేటప్పుడు ఇంకో మాట అంది. “క్షమాపణ అనే మాట నా ఇంటికి మీరు తేవద్దు. అది నా దగ్గర ఉంటే నేనే తెస్తాను.”

పారాలీగల్ అమ్మాయి మళ్లీ తిరిగింది. స్టేషన్ పుస్తకంలో సైకిల్ రాసి ఉంది. సైకిల్ లేదు.

విడుదల

అబూసా ఆ రెండు నెలలూ జైల్లో ఫిలేమోను పత్రిక ఒక్కటే చెప్పారు. పారిపోయిన ఒనేసిము అనే దాసుడు, తాను ఎవరికి నష్టం చేశాడో ఆ ఇంటికే తిరిగి వెళ్తున్నాడు, పౌలు చెరసాల నుంచి రాసిన చీటీ పట్టుకుని. అతని బాకీ ఏదైనా ఉంటే నా లెక్కలో వేయమని పౌలు రాస్తాడు. వడ్రంగి దీని మీద వారాలు ఆలోచించాడు. ఒకరోజు అన్నాడు: “ఫిలేమోనుకు డబ్బు పోయి ఉంటుంది, అబూసా. ఆమెకు కొడుకు పోయాడు. ఎవరి లెక్కలో వేస్తారు?” అబూసా తెలియదన్నారు. సైకిల్ సంగతి చెప్పింది అప్పుడే. వడ్రంగి ముఖం మీద చేతులు పెట్టుకున్నాడు. గొడవ జరిగిన రోజు ఆ సైకిల్ గోడకు ఆనించి ఉండటం తనకు గుర్తుందన్నాడు.

అక్టోబరులో గేటు దగ్గర మేనమామ, అబూసా, నేను ఉన్నాం. పట్టణం మీదుగా నేరుగా తల్లి ఊరికి. ముందే ఒప్పందమైన షరతులు మూడు: చనిపోయిన కుర్రాడి ఊరి పొలిమేర దాటి లోపలికి వెళ్లకూడదు, తాగకూడదు, పిల్లలను చూడాలంటే వాళ్ల మేనమామ ఒప్పుకుని తీసుకురావాలి. సంఘంలో కొందరు ఆదివారం స్వాగత కూడిక అన్నారు. అబూసా వద్దన్నారు. వడ్రంగి తన సొంత ఊరి చర్చిలో, వెనక బల్ల మీద కూర్చున్నాడు.

సైకిల్ మేం కొనిద్దామని నేనే అడిగాను. ఆ డబ్బు పెద్ద మొత్తం కాదు, నెల్లూరులో ఒక్క ఫోన్ చేస్తే వచ్చేది. “మనం కొంటే అది మన సైకిల్ అవుతుంది” అన్నారు అబూసా. పనిముట్లు మాత్రం సంఘం అప్పుగా ఇచ్చింది. రంపం, చిత్రిక, రెండు ఉలులు. బాడిత మేనమామది.

ఆ తర్వాతి ఏడాది తేలిగ్గా సాగలేదు. 2019 మార్చిలో ఇడాయ్ తుపాను వరద దక్షిణ జిల్లాలను ముంచింది, తల్లి ఇంటి గోడ కూలింది. అదే వరద వల్ల తలుపులకు, కిటికీలకు పని కూడా దొరికింది. జూన్‌లో ఆయన తాగాడు, ఒక్కరోజు. మేనమామే బ్వాలోలో చెప్పాడు, కోడిపెట్ట జరిమానా. నాలుగు నెలలు చర్చికి రాలేదు. తర్వాత మా సంఘానికి కాకుండా ఆ ఊళ్లోనే ఉన్న ఇంకో చిన్న సంఘానికి వెళ్లడం మొదలుపెట్టాడు. జట్టులో ఇద్దరికి బాధేసింది. నాకూ వేసింది, దాచను. అబూసా ఆ కాపరి దగ్గరకు వెళ్లి, ఈయన గురించి తెలిసిందంతా చెప్పి, చేతిలో పెట్టి వచ్చారు.

2019 నవంబరులో, వానలకు ముందు, వడ్రంగి ఒక పాత సైకిల్ కొన్నాడు. టైర్లు కొత్తవి వేయించి, వెనక సీటు తానే చేశాడు. తాను వెళ్లలేడు కాబట్టి ఇద్దరు ఊరి పెద్దలు పొలిమేర దగ్గర కలిసి, ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చారు. ఆమె బ్వాలోకు రాలేదు. వద్దని కూడా అనలేదు. ఆమె మనవడు, కూతురి కొడుకు, నడిపించుకుంటూ ఇంటికి తీసుకెళ్లాడు. ఆ పిల్లాడే తర్వాత కబాజా నడపడం మొదలుపెట్టాడు.

రిజిస్టర్‌లో ఇప్పుడున్న గడులు

కొత్త జట్లు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ఖైదీ రిమాండా, శిక్ష పడినవాడా. వారంటు నంబరు. రెండు వారాలకు మించి దగ్గు ఉందా, ఉంటే నర్సుకు చెప్పామా. ఇంట్లోవాళ్లకు బతికున్నాడని తెలుసా. తల్లి వైపు ఊరు ఏది, మేనమామ ఎవరు. నష్టపోయినవాళ్లు ఎవరు, వాళ్లను ఎవరైనా కలిశారా, వాళ్లేం అడిగారు. చివరి గడి నిండకుండా సాక్ష్యం రికార్డు చేయం, ఎక్కడా చెప్పించం. రెండు వారాల కోసం వచ్చే జట్లకు ఇది నచ్చదు. జైలు లోపల వాళ్లకు మాట్లాడటానికి సమయం ఇస్తాం, వినడానికి ఎక్కువ ఇస్తాం. పేర్లు, కథలు దేశం దాటించవద్దని ముందే సంతకం తీసుకుంటాం.

2020లో కోవిడ్ వల్ల జైలు లోపలికి వెళ్లడం ఆగిపోయింది. ఆ నెలల్లో సబ్బు మాత్రం గేటు దగ్గర దించి వచ్చేవాళ్లం, ఎవరికి అందిందో చూడకుండానే.

2021 డిసెంబరులో మేనమామ అబూసాకు ఫోన్ చేశాడు. కబాజా సైకిల్ వెనక సీటు చెక్క విరిగిందట. ఆ ఊళ్లోనే ఇద్దరు వడ్రంగులు ఉన్నారు. ఆమె మనవణ్ణి పిలిచి, విరిగిన సీటు గోనెసంచిలో చుట్టించి, గంటన్నర దూరం ఉన్న ఈ ఊరికి పంపింది. చేసినవాడి దగ్గరే బాగు చేయించుకు రమ్మందట. పిల్లాడు డబ్బు కూడా తెచ్చాడు. వడ్రంగి వద్దనబోతే మేనమామ ఆపాడు. ఆమె ఊరికే చేయమని పంపలేదు, పనికి పంపింది, తీసుకో అన్నాడు. వడ్రంగి డబ్బు తీసుకుని లెక్కపెట్టి, చిల్లర తిరిగి ఇచ్చి, సాయంత్రానికి సీటు బిగించి పంపాడు.